పసిబిడ్డల సందె ఏడుపు - అవ్వాతాతల పని

(మదనపల్లె, పుంగనూరు, కుప్పం శాఖల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లులు, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకొనే వేదిక మీద పసిబిడ్డ ఏడుపు ఏమిటని మీలో కొందరు అనుకోవచ్చు. "ఆరోగ్యం మీద ఏదైనా చెప్పండమ్మా" అన్నారు కార్యదర్శిగారు. బి.పి., షుగరు గురించి ప్రతి ఏడూ ఎవరో ఒక డాక్టరుగారు వచ్చి చెబుతూనే ఉన్నారు. మనం శ్రద్ధగా వింటూనే ఉన్నాం, తరువాత భోజనంలో రెండో జాంగిరీ వేయించుకుంటూనే ఉన్నాం. అందుకని నాకు బాగా తెలిసిన సంగతి ఒకటి చెప్పదలచుకున్నాను.

నేను 1979లో ఏ.ఎన్.ఎం.గా ఉద్యోగంలో చేరి, 2013లో సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. మొదట పుంగనూరు వైపు పల్లెలు, తరువాత మదనపల్లె, చివరి తొమ్మిదేళ్ళు కుప్పం. ఈ ముప్పై నాలుగేళ్ళలో నన్ను ఎక్కువసార్లు ఇంటికి పిలిపించింది జ్వరమూ కాదు, విరేచనాలూ కాదు. "నర్సమ్మా, బిడ్డ సందెవేళ అయితే చాలు గుక్కపట్టి ఏడుస్తా ఉంది, ఏం చేసినా మానలే" అన్న మాట. ఇప్పుడు ఆ మాట మన ఇళ్ళలోకే వచ్చింది. రిటైరయ్యాక మనలో చాలామందికి పడే మొదటి డ్యూటీ కూతురి పురుడో, కోడలి పురుడో. బెంగళూరు అయినా, అమెరికా అయినా వెళ్ళక తప్పదు. ఆ ఇంట్లో సాయంత్రం బిడ్డ ఏడిస్తే అందరూ మన ముఖమే చూస్తారు. ఆ సమయంలో మనం ఏం చెబుతాం, ఏం చేయనిస్తాం అన్నదే నా విషయం.

ముందు ఏడుపు తీరు చెబుతాను. పాలు బాగానే తాగుతున్న, బరువు బాగానే పెరుగుతున్న బిడ్డ. పుట్టిన రెండు మూడు వారాలకు మొదలవుతుంది. సాయంత్రం అయిదు ఆరు గంటలకు ఏడుపు లంకించుకుంటుంది. ముఖం కందగడ్డ అవుతుంది, పిడికిళ్ళు బిగుస్తాయి, కాళ్ళు కడుపు మీదికి ముడుచుకుంటుంది, కడుపు రాయిలా గట్టిపడుతుంది, మధ్యలో అపానవాయువు పోతుంది. చూసేవారికి కడుపులో శూల వచ్చిందనే అనిపిస్తుంది. ఎనిమిది తొమ్మిదింటికి ఏమీ జరగనట్టు నిద్రపోతుంది. మరునాడు సాయంత్రం మళ్ళీ మామూలే. దీనినే డాక్టర్లు కోలిక్ అంటారు. అమెరికాలో మారిస్ వెస్సెల్ అనే పిల్లల డాక్టరు 1954లో దీనికి ఒక కొలత పెట్టాడు: రోజుకు 3 గంటలకు మించి, వారానికి 3 రోజులకు మించి, 3 వారాలకు మించి ఏడిస్తే కోలిక్ అని. ఇప్పుడు డాక్టర్లు గడియారం పెట్టి లెక్కించడం లేదు. 2016లో వచ్చిన కొత్త నిర్వచనంలో, అయిదు నెలల లోపు బిడ్డ, కారణం కనిపించకుండా మాటిమాటికీ ఎంతోసేపు ఏడవడం, ఎవరు సముదాయించినా ఊరుకోకపోవడం, జ్వరం గాని జబ్బు గాని లేకపోవడం - ఇవి చాలునన్నారు. సుమారుగా అయిదుగురు బిడ్డల్లో ఒకరికి ఇది ఉంటుంది.

ఈ ఏడుపు ఎక్కువయ్యేది ఎప్పుడన్నది చాలా ముఖ్యం. బ్రేజిల్టన్ అనే మరో డాక్టరు 80 మంది ఆరోగ్యంగా ఉన్న బిడ్డల తల్లుల చేత రోజూ ఏడుపు లెక్క రాయించి 1962లో ప్రచురించాడు. ఏ జబ్బూ లేని బిడ్డలు కూడా ఆరు వారాల వయసులో రోజుకు సగటున రెండు ముప్పావు గంటలు ఏడుస్తారని తేలింది. రెండో వారం నుంచి పెరుగుతూ పోయి, ఆరో వారంలో పతాకస్థాయికి చేరి, అక్కడి నుంచి దిగుతూ, మూడు నాలుగు నెలలకు సద్దుమణుగుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే అసలు పుట్టవలసిన తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలి. ఆఫ్రికాలో కలహారి ఎడారి ప్రాంతపు తల్లులు బిడ్డను రోజంతా ఒంటికే కట్టుకొని తిరుగుతారు, ఏడవబోతే వెంటనే పాలిస్తారు. ఆ బిడ్డల ఏడుపు కూడా ఇదే తీరున పెరిగి తగ్గుతుంది. అయితే ఒక్కో విడత ఏడుపు తొందరగా ముగుస్తుంది. అంటే ఇది కాన్వెంటు చదువుల తల్లులకో, టౌను బిడ్డలకో వచ్చేది కాదు. మనిషి బిడ్డ పెరుగుదలలో ఒక దశ.

కారణం ఏమిటని అడిగితే డాక్టర్లు కూడా ఒక్క కారణం చెప్పలేరు. పేగులు ఇంకా పనికి అలవాటు పడకపోవడం, వాటిలో ఉండే సూక్ష్మజీవుల తేడా, పగలంతా చూసిన వెలుతురు, విన్న మాటలు, ఎత్తుకున్న చేతులు సాయంత్రానికి బిడ్డకు ఎక్కువైపోవడం - ఇలా పలు విధాలుగా చెబుతారు. గాలి కడుపులో చేరి ఏడుపు వస్తుందని మనం అంటాం. చాలావరకు అది తిరగేసిన మాట. గంటసేపు నోరు తెరిచి ఏడిస్తే గాలి మింగక ఏం చేస్తుంది?

ఇక నా సొంత సంగతి ఒకటి. చెప్పాలా వద్దా అని రాత్రి చాలాసేపు ఆలోచించాను.

1981లో నాకు మొదటి బిడ్డ పుట్టాడు. పురిటికి పుట్టింట్లో ఉన్నాను. అయిదో వారంలో వాడికీ ఈ ఏడుపు పట్టుకుంది. ఏ.ఎన్.ఎం. ట్రైనింగు చదివి, రెండేళ్ళు ఉద్యోగం చేసి, ఊరందరికీ బుద్ధులు చెప్పినదాన్ని నేను. మా అవ్వ మొదట దిష్టి తీసింది. తరువాత తాయెత్తు కట్టించింది. తొమ్మిదో వారంలో పక్క ఊరి నుంచి ఒకాయన్ను పిలిపించింది. "కడుపు మీద వాత పెడితే గాని ఈ ఏడుపు మానదు మే, మీ నాయనకూ పెట్టించినాను, ఏమయినాడు?" అంది. నేను వద్దన్నాను. గట్టిగా అనలేదు. మూడు వారాలుగా నిద్ర లేదు, ఇంట్లో పెద్దదాని మాటకు ఎదురు చెప్పే ఓపిక లేదు. పసుపు కొమ్ము కాల్చి బొడ్డు చుట్టూ నాలుగు చోట్ల పెట్టాడు. ఆ ఏడుపు సందె ఏడుపు లాంటిది కాదు. ఆ తేడా నా చెవులకు ఈనాటికీ తెలుసు. పుండ్లు చీము పట్టి పది రోజులు మందు వేశాను. మూడు వారాలకు సాయంకాలపు ఏడుపు తగ్గింది. "చూసినావా" అంది అవ్వ. ఊళ్ళో మరో ముగ్గురు బిడ్డలకు, నా బిడ్డను చూపించి, అదే వైద్యం చేయించారు.

బిడ్డకు మూడో నెల నిండింది కాబట్టి ఏడుపు తగ్గిందని అప్పుడు నాకు తెలియదు. ఆరో వారం దాటాక ఏ వైద్యం మొదలుపెట్టినా అది పనిచేసినట్టే కనబడుతుంది. తాయెత్తు కడితే తాయెత్తుకు, సీసా మందు పోస్తే సీసాకు, వాత పెడితే వాతకు పేరు వస్తుంది. నలభై ఏళ్ళు దాటిన నా కొడుకు బనియను విప్పినప్పుడు ఆ నాలుగు మచ్చలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మూఢత్వం మన పల్లెలకే ఉందని అనుకోకండి. అమెరికాలో మిసెస్ విన్స్‌లో సూదింగ్ సిరప్ అని 1849 నుంచి అమ్మారు. బిడ్డలు చక్కగా నిద్రపోయేవారు, ఎందుకంటే అందులో ఉన్నది మార్ఫీను. కొందరు మళ్ళీ లేవలేదు. మన వైపు కూడా పూర్వం నల్లమందు నాకించి కూలికి పోయిన తల్లులున్నారు. గ్రైప్ వాటరు పుట్టింది ఇంగ్లండులో, 1851లో, నాటింగ్‌హాంలో విలియం వుడ్‌వర్డ్ అనే మందుల వ్యాపారి చేతిలో. సోయికూర విత్తనాల నూనె (కుప్పం వైపు కన్నడంవారు సబ్బసిగె అంటారు), వంటసోడా, చక్కెరతోపాటు సారా కూడా ఉండేది. బిడ్డ ఊరుకోవడంలో ఆశ్చర్యం ఏముంది? ఇప్పుడు సారా తీసేశారు. మిగిలినదాని వల్ల కోలిక్ తగ్గుతుందని రుజువు లేదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా వద్దంటున్నప్పుడు తియ్యనీళ్ళు ఎందుకు?

మన వంటింటి వైద్యాల సంగతికి వస్తాను. అన్నిటినీ ఒకే గాటన కట్టను. ఇంగువ నీళ్ళలో కలిపి బొడ్డు చుట్టూ పైపైన రాయడం వల్ల హాని లేదు. బొడ్డు పుండు ఆరి ఉండాలి, అంతే. గోరువెచ్చని నూనెతో కడుపు మీద మెల్లగా రుద్దడం బిడ్డకూ హాయి, రుద్దే చేతికీ హాయి. వస సంగతి వేరు. వస కొమ్ము అరగదీసి నాకిస్తే బిడ్డకు మాటలు తొందరగా వస్తాయని మన నమ్మకం. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం కూడా మనకు అలవాటే. కుప్పంలో తమిళం మాట్లాడే ఇళ్ళలో దీనినే వసంబు అని, జాజికాయ, కరక్కాయలతో కలిపి సానరాయి మీద అరగదీసి పోస్తారు. వసలో విషపదార్థం ఉంది. అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకూడదని నిషేధించారు. ఇది పోసిన తరువాత వాంతులతో వడలిపోయిన బిడ్డలను నేనే చూశాను. ముక్కులో నూనె చుక్కలు, గొంతులో ఆముదం - ఇవి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. తేనె ఏడాది లోపు బిడ్డకు నాకించకూడదు. దానిలోని ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో మొలకెత్తి నరాలను పడగొడుతుంది. సాంబ్రాణి పొగ మనకు సువాసన, బిడ్డ ఊపిరికి మంట.

పుంగనూరులో ఉన్నప్పుడు ఇంకో వాదన వినేదాన్ని. పుంగనూరు పొట్టి ఆవు చిన్నది కనుక దాని పాలు పసిబిడ్డకు తేలికని, తల్లిపాలు మాన్పించి అవి పట్టేవారు. మన ఊరి పేరును దేశమంతా చాటిన ఆవు అది, నాకూ గర్వమే. అయితే ఆవు పొట్టిదే గాని పాలు పలచన కావు. మామూలు ఆవుపాలలో వెన్న 3, 4 శాతం ఉంటే దీని పాలలో 8 శాతం దాకా చెబుతారు. అసలు ఏ ఆవు పాలయినా ఏడాది లోపు బిడ్డకు ప్రధాన ఆహారం కాకూడదు. మూత్రపిండాల మీద భారం, పైగా రక్తహీనత. బిడ్డ ఏడుస్తోంది కాబట్టి తల్లికి పాలు చాలడం లేదన్న తీర్పు మన ఆడవాళ్ళం ఇట్టే ఇచ్చేస్తాం. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తూ, మొదటి మూడు నెలలు రోజుకు 20-30 గ్రాముల లెక్కన బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే.

మందుల షాపు చుక్కల గురించి ఒక్క మాట. కడుపునొప్పికని ఇచ్చే డైసైక్లోమిన్ ఆరు నెలల లోపు బిడ్డకు వేయనే కూడదు. ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. గ్యాసుకు ఇచ్చే సిమెథికోన్ వల్ల హాని అంతగా లేదు గాని, పరీక్షల్లో ఉత్తుత్తి మందు కన్నా ఎక్కువ మేలు చేసినట్టు తేలలేదు. తల్లిపాలు తాగే కొందరు బిడ్డలకు ఒక రకం మేలుచేసే సూక్ష్మజీవుల చుక్కలు కొంత ఉపశమనం ఇస్తున్నాయంటున్నారు. అది డాక్టరు చూసి రాయవలసినది, పక్కింటివారు చెబితే కొనేది కాదు.

"అయితే ఏడవనీ, దానంతట అదే పోతుంది" అని చెప్పి కూర్చుంటే అదీ ప్రమాదమే. పుంగనూరు దగ్గర ఒక పల్లెలో రెండు నెలల మగబిడ్డ. రోజూ ఏడ్చేవాడే. ఆ రోజు మధ్యాహ్నమే మొదలుపెట్టాడు, పాలు పట్టలేదు, రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. "అదే ఏడుపులే" అన్నారు ఇంట్లో. నేను టీకాల కోసం వెళ్ళినదాన్ని, బట్టలన్నీ విప్పి చూశాను. గజ్జలో నిమ్మకాయంత గడ్డ, గట్టిగా, ఎర్రగా. పేగు జారి ఇరుక్కుంది. జీపు మాట్లాడి మదనపల్లె పంపాం, ఆపరేషను చేశారు, బతికాడు. నేను ఆ ఊరికి మరునాడు వెళ్ళి ఉంటే ఏమయ్యేదో.

అందుచేత మొదటిసారి ఇలా ఏడ్చినప్పుడు పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించి, జబ్బు ఏమీ లేదని తేల్చుకోండి. ఏడుపు తీరు మారినప్పుడల్లా బిడ్డ బట్టలన్నీ విప్పి తల నుంచి కాలి వేళ్ళ దాకా చూడండి. గజ్జలు చూడండి. తల్లి వెంట్రుక కాలి వేలికి చుట్టుకొని వాచి ఉండవచ్చు, చీమ కుట్టి ఉండవచ్చు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, వాంతి పచ్చగా వచ్చినా, మలంలో రక్తం పడినా, పాలు తాగకపోయినా, మాడు ఉబ్బినా, బిడ్డ వడలిపోయి మూలుగుతున్నా, ఊపిరికి కష్టపడుతున్నా అది కోలిక్ కాదు. తెల్లారనీ అని ఆగవద్దు, 108కి ఫోను చేయండి. ఒంటి మీద దద్దుర్లు, బరువు పెరగకపోవడం, మలంలో రక్తపు చారలు ఉంటే ఆవుపాల మాంసకృత్తులు పడకపోవడం కూడా కారణం కావచ్చు. అప్పుడు తల్లి కొన్నాళ్ళు పాలు, పెరుగు మానవలసి వస్తుంది. అదీ డాక్టరు చెబితేనే. అంతేగాని ప్రతి బాలింతకూ పప్పు వద్దు, కూర వద్దు అని కారప్పొడీ అన్నంతో కడుపు మాడ్చడం అన్యాయం. ఈ విషయంలో మన ఇళ్ళలో పత్యం పేరిట జరిగినంత హింస ఇంకెక్కడా జరగలేదని నా అభిప్రాయం.

ఊరుకోబెట్టడానికి పనికివచ్చేవి లేకపోలేదు. పాలు తాగాక భుజాన వేసుకొని త్రేన్పు వచ్చేదాకా వీపు నిమరడం. లైటు తగ్గించి, చుట్టూ చేరిన చుట్టాలను బయటకు పంపడం. పలుచని బట్టలో చుట్టడం - చేతులు దగ్గరగా, కాళ్ళు మాత్రం ఆడేట్టు వదులుగా. ముంజేతి మీద బోర్లా వేసుకొని మెల్లగా నడవడం. నిద్రపోయాక మాత్రం వెల్లకిలానే పడుకోబెట్టాలి. కొందరు బిడ్డలకు ఒకే తీరున వినపడే మోత ఇష్టం. ఫ్యాను మోతకు ఊరుకొనేవారున్నారు. పలమనేరు నుంచి కుప్పం వెళ్ళే ఆర్.టి.సి. బస్సు కదలగానే నిద్రపోయి, స్టాపులో ఆగగానే లేచే బిడ్డను నేను చూశాను. చీర ఉయ్యాల మంచిదే, పక్కన మనిషి ఉండాలి. జోలపాట గొంతు బాగుండాలన్న నియమం లేదు. ఇవన్నీ చేసినా కొన్ని సాయంత్రాలు బిడ్డ ఊరుకోదు. అది చేసేవారి చేతకానితనం కాదు.

కుప్పంలో 2006 ప్రాంతంలో, తమిళనాడు సరిహద్దు పల్లెకు వెళ్ళాను. పందొమ్మిదేళ్ళ పిల్ల వాకిట్లో గోడకు ఆనుకొని కూర్చుంది. లోపల చాప మీద ఏడు వారాల బిడ్డ ఒక్కతే గుక్కపట్టి ఏడుస్తోంది. అత్త కూలికి పోయింది, మొగుడు బెంగళూరులో పని. నేను కేకలేయబోయాను. "నర్సమ్మా, ఇంకొంచెంసేపు లోపలుంటే గోడకేసి కొడతానేమో అని భయమేసి బయటికొచ్చేసినా" అంది. నా నోరు పడిపోయింది. వీధిలో అందరూ ఆ పిల్ల పాలు విరిగినాయని, నోరు మంచిది కాదని, కడుపులో ఉన్నప్పుడు గ్రహణం చూసిందని అన్నవారే. ఒక్కరూ బిడ్డను అరగంట ఎత్తుకున్నవారు లేరు. బిడ్డను చాప మీద వెల్లకిలా భద్రంగా పడుకోబెట్టి పది నిమిషాలు పక్కకు రావడం ఆ పిల్ల చేసిన అతి మంచి పని. విసుగులో బిడ్డను పట్టుకొని గట్టిగా కుదిపితే మెదడులో రక్తం చిమ్ముతుంది, చూపు పోతుంది, ప్రాణమే పోతుంది. కుదిపేవారు రాక్షసులు కారు, నిద్రలేనివారు. నేను బిడ్డను ఎత్తుకొని గంటన్నర నడిచాను. ఆ పిల్ల అక్కడే అరుగు మీద పడుకొని నిద్రపోయింది. ఆ రోజు నా రిపోర్టులో రాయడానికి వేరే పనేమీ లేదు.

సాయంత్రం అయిదున్నర నుంచి ఎనిమిదింటి దాకా తల్లి చేతిలో నుంచి బిడ్డను మనం తీసుకోవాలి. వైద్యం చెప్పడానికి కాదు, ఎత్తుకోవడానికి. ఆమెను తిననివ్వాలి, పడుకోనివ్వాలి. ఆమె రోజులకు రోజులు ఏడుస్తున్నా, బిడ్డ మీద ఆశ లేదంటున్నా, చావు మాట ఎత్తినా దాన్ని బాలింత బలహీనత అని కొట్టిపారేయకుండా వెంటనే డాక్టరుకు చూపించాలి. మగవారు ఈ మాట ఆడవాళ్ళకు చెబుతున్నానని కిటికీలోకి చూడవద్దు. ట్రెజరీలో, రెవెన్యూలో, స్కూళ్ళలో ముప్పై ఏళ్ళు ఓపిక పట్టిన చేతులు మీవి.

నా మనవడు బెంగళూరులో పుట్టాడు. మూడో వారంలో మొదలైంది. కోడలు మొదటి రోజే ఫోనులో ఏదేదో చదివి ఆరు రకాల చుక్కల పేర్లు చెప్పింది. మా వారు, మాస్టరుగా రిటైరైన మనిషి, గోడ క్యాలెండరులో పన్నెండో వారం దాకా పెన్సిలుతో గడులు గీశారు. "ఇంతే గదమ్మా, సెలవుల దాకా లెక్కపెట్టుకున్నట్టు" అన్నారు కోడలితో. రోజూ అయిదున్నరకు బిడ్డను ముంజేతి మీద వేసుకొని వరండాలో అటూ ఇటూ నడుస్తూ ఎక్కాలు చదివేవారు. రెండో ఎక్కం నుంచి మొదలుపెడితే కొన్ని రోజులు పన్నెండులో ఊరుకొనేవాడు, కొన్ని రోజులు పందొమ్మిది దాటినా ఊరుకొనేవాడు కాదు. ఏడో వారంలో ఒక సాయంత్రం మూడుసార్లు మొదటి నుంచి చదవవలసి వచ్చింది. కోడలు తలుపు వేసుకొని నిద్రపోయేది. నా కొడుకు ఒకరోజు ఆఫీసు నుంచి వచ్చి చొక్కా మార్చుకుంటూ, "అమ్మా, వీడికి ఏ మందూ వేయలేదు కదా" అని అడిగాడు. లేదన్నాను. పదమూడో వారానికి గడులు అయిపోయాయి, ఏడుపూ అయిపోయింది.

ఇప్పుడు వాడికి ఏడాదిన్నర. తాత ఎక్కం ఎత్తుకుంటే రెండు చేతులతో ఆయన నోరు మూస్తాడు.

భోజనాల వేళయింది.